శుభలేఖలో ఒత్తు ఊడకుండా...

హోసూరులో కావచ్చు, బళ్లారిలో కావచ్చు, బరంపురంలో కావచ్చు. మన ఇంట్లో పెళ్లి కుదిరిందంటే శుభలేఖ తెలుగులో ఉండాల్సిందే. చిక్కంతా డీటీపీ సెంటర్లో మొదలవుతుంది. అక్కడి కంప్యూటర్లో ఆ రాష్ట్ర భాష సిద్ధంగా ఉంటుంది, తెలుగు ఉండకపోవచ్చు. ఫోన్లో పంపిన మేటర్ తెచ్చి అతికిస్తే ‘శ్రీరస్తు’లో రావత్తు విడిపోతుంది, ‘అవిఘ్నమస్తు’లో నావత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడుతుంది. ఆపరేటర్‌కు తెలుగు చదవడం రాకపోతే ఆ తప్పు పట్టేదెవరు? కార్డులన్నీ అచ్చయ్యాక చూసుకుని బాధపడాల్సిందే.

ఒకప్పుడు తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. 2001లో వచ్చిన 7.0తోనే పేజ్‌మేకర్ ఆగిపోయింది. దానికి యూనికోడ్ తెలియదు. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో మన తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలుగా సర్ది పని నడిపారు. నిజం చెప్పాలంటే బాగానే నడిచింది. కానీ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి.

ఇప్పుడు ఖర్చు లేని దారి స్క్రైబస్. పుస్తకాలు, కార్డుల పేజీలు కట్టడానికే తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. అయితే పాత 1.4 వెర్షన్‌కు తెలుగు ఒత్తులు కలపడం రాదు. 2024 జనవరిలో వచ్చిన 1.6 గానీ, ఆ తర్వాతది గానీ వేసుకోవాలి. షాపులో ఇన్‌డిజైన్ ఉంటే 2012 నాటి సీఎస్6 నుంచి తెలుగు పనిచేస్తుంది. పారాగ్రాఫ్ మెనూలో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ పెట్టాలి, అంతే.

విండోస్‌లో ముందు ఘోస్ట్‌స్క్రిప్ట్ ఎక్కించి, తర్వాత స్క్రైబస్ ఎక్కించండి. ప్రింట్ ప్రివ్యూకు ఘోస్ట్‌స్క్రిప్టే ఆధారం. ఆపైన ఫాంట్లు. మండలి, రామభద్ర, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫాంటు వేశాక స్క్రైబస్‌ను ఒకసారి మూసి తెరవాలి, లేకపోతే జాబితాలో కనబడదు. మూడు భాషల కార్డయితే ఏ భాషకు ఆ స్టైల్ విడిగా కట్టుకోవాలి. తెలుగు ఫాంటులో తమిళ అక్షరాలు ఉండకపోతే వాటి చోట ఖాళీ డబ్బాలు పడతాయి మరి. నోటో వరుసలో తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా అన్నిటికీ ఫాంట్లున్నాయి, పక్కపక్కన పెట్టినా ఎబ్బెట్టుగా ఉండవు.

టైపింగ్‌కు విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎంచుకోండి. సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇది వరమనే చెప్పాలి. తెలుగులో ‘క’ ఏ మీట మీద ఉందో కన్నడలోనూ, ఒడియాలోనూ అదే మీట మీద ఉంటుంది. ఒక భాషకు చేయి తిరిగితే రెండోది సగం వచ్చినట్టే.

కొత్త పేజీ తెరిచేటప్పుడు కొలతలు మిల్లీమీటర్లలో పెట్టి, కత్తిరింపు కోసం నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ వదలండి. ఆఫ్‌సెట్‌కు పోయేదైతే రంగులు సీఎంవైకేలో ఉండాలి. పెద్ద పెద్ద తెలుగు మాటలు ఇరుకు కాలమ్‌లో రెండంచులకూ సమంగా సర్దితే నడుమ గుంతలు పడతాయి. ఎడమవైపు సర్దడమే మేలు.

మేటర్ ఎక్కించే ముందు ‘శ్రీరస్తు, అవిఘ్నమస్తు, లక్ష్మి, జ్యోత్స్న’ అని కొట్టి చూడండి. నాలుగూ సరిగ్గా కలిస్తే కంప్యూటర్ సిద్ధమైనట్టే. పీడీఎఫ్ తీసేటప్పుడు ఫాంట్లు ఫైల్లోనే ఇమిడేలా టిక్కు పెట్టాలి. ప్రెస్సుకు పంపేది ఆ పీడీఎఫే. ఒక కాపీ కాగితం మీద తీయించి, ఇంట్లో తెలుగు చదివే పెద్దవాళ్లకు చూపించి గానీ సరేననకండి.

గుడి కమిటీలు, తెలుగు సంఘాల దగ్గర పాత పేజ్‌మేకర్ ఫైళ్లు ఇంకా ఉండొచ్చు. ఇన్‌డిజైన్‌లో వాటిని తెరవగలిగిన చివరి వెర్షన్ సీఎస్6. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నా, మార్చాక అక్షరం అక్షరం చూసుకోక తప్పదు. ఆ పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుండగానే ఫైళ్లన్నీ పీడీఎఫ్ చేసి పక్కన పెట్టుకోండి.