అది గ్యాస్ నొప్పి కాదు!

కనుమ రాత్రి పదింటికి తోటపల్లి గూడూరులో మా పెదనాన్న కడుపు పట్టుకుని మంచమ్మీద మెలికలు తిరుగుతున్నాడు. ‘గ్యాస్ లేరా, నాటుకోడి పడలా’ అన్నాడు. నేనూ నమ్మి సోడా, గ్యాస్ మాత్ర ఇచ్చా. ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి పొట్ట నొక్కి చూశాడు. ‘మెత్తగానే ఉందబ్బా, ఏం కాదు’ అన్నాడు. అలా నాలుగు గంటలు పోగొట్టాం. తెల్లవారుజామున నెల్లూరులో సీటీ యాంజియోగ్రామ్ తీస్తే తేలింది, పేగులకు రక్తం పంపే పెద్ద ధమనిలో రక్తం గడ్డ అడ్డం పడిందని.

దాని పేరు సుపీరియర్ మీసెంటరిక్ ఆర్టరీ. డాక్టర్లు పొట్టిగా ఎస్ఎంఏ అంటారు. కోడ్ రాసుకునే నాకు బయాలజీ టెన్త్‌తోనే సరి. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో చదివిందంతా మా డెల్టా కాలువల లెక్కలో పెట్టుకుంటేనే బుర్రకెక్కింది.

గుండె నుంచి పొట్టలోకి దిగే బృహద్ధమనిని పెన్నా అనుకోండి. నడుము మొదటి వెన్నుపూస ఎత్తులో దాని ముందువైపు నుంచి చీలే పెద్దకాలువే ఎస్ఎంఏ. క్లోమం వెనక నుంచి దిగి, చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం ముందు నుంచి దాటుతుంది. అంటే డుయోడినం ఈ రెండు ధమనుల మధ్య సందులోంచి వెళ్తుందన్నమాట. (మరీ బక్కచిక్కితే అక్కడి కొవ్వు కరిగి సందు ఇరుకై, తిన్నది దిగక వాంతులవుతాయి. అది ఇంకో జబ్బు.)

ఈ కాలువ ఆయకట్టు చాలా పెద్దది. ఎడమవైపు డజనుకు పైగా కొమ్మలు చిన్నపేగుకు, కుడివైపు కొమ్మలు పెద్దపేగులో దాదాపు సగానికి. చిన్నపేగు కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి తోరణాల్లా వంపులు తిరుగుతాయి. ఆ వంపుల నుంచి సన్నటి పిల్లకాలువలు తిన్నగా పేగు గోడలోకి వెళ్తాయి. ఒక కొమ్మ మూసుకుపోయినా పక్క కొమ్మ నుంచి రక్తం వస్తుంది. మా భాషలో చెప్పాలంటే కింద బ్యాకప్ బోలెడు. తల దగ్గర మాత్రం సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్! పైన, కింద ఉన్న వేరే ధమనులతో చిన్న లింకులున్నాయి. ఏళ్ల తరబడి నెమ్మదిగా మూసుకుపోతే అవే వెడల్పయి ఆదుకుంటాయి. ఒక్క రాత్రిలో మూసుకుపోతే వాటికి ఆ టైమ్ దొరకదు.

పెదనాన్నకు గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. అలాంటి గుండెలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఎస్ఎంఏ బృహద్ధమని నుంచి బాగా వాలుగా కిందికి చీలుతుంది కాబట్టి, కొట్టుకొచ్చిన గడ్డ సులువుగా అందులోకి జారుతుంది. రక్తం పలచబడే మాత్రలు ఆయన రెండు వారాలుగా మానేశాడు. రొయ్యల గుంటల పనిలో పడి మర్చిపోయాడట.

మరి పొట్ట మెత్తగా ఎందుకుంది? మమ్మల్ని మోసం చేసింది ఇదే. మొదట్లో రక్తం అందక విలవిల్లాడేది పేగు మాత్రమే. దాని చుట్టూ ఉన్న పొరకు ఇంకా వాపు రాదు. అందుకే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా నొక్కితే ఏమీ తెలియదు. పొట్ట గట్టిపడేసరికి పేగు కుళ్లడం మొదలై ఉంటుంది. చేతిలో ఉండేది కొద్ది గంటలే.

గడ్డ తీశారు. అప్పటికే నల్లబడిన పేగు ముక్కను కోసేశారు. ఆ నాలుగు గంటలు ముందే వెళ్లుంటే అదీ మిగిలేదేమో అని డాక్టర్‌ని అడగబోయి ఆగిపోయా.

ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి నా ఫోన్‌లో అలారం పెట్టుకున్నా. చాలాసార్లు అది మోగకముందే ఆయన ఫోన్ వస్తుంది. ‘వేసుకున్నాలేరా’ అంటాడు.