ఒక కంప్యూటర్‌కి రెండు తెరలు

అటక మీద పాత మానిటర్ దుమ్ము కొట్టుకుని పడి ఉందా? పాతసామాన్లవాడికి వేసేయకండి! వెలుగుతున్నదైతే మీ కంప్యూటర్‌కి రెండో తెరగా పెట్టుకోవచ్చు. పిల్లలు ఒకదాంట్లో పాఠం వింటూ రెండోదాంట్లో నోట్సు రాసుకోవచ్చు. ఇంట్లోంచే పచ్చళ్ళో, కుట్టుపనో చేసేవారికి ఒకవైపు ఆర్డర్లు, మరోవైపు లెక్కలు కనిపిస్తాయి.

అయితే ఒక్క మాట. స్టవ్‌కి పొయ్యిలు రెండున్నా వండే చేయి ఒక్కటే అయినట్టు, తెరలు రెండైనా కంప్యూటర్, మౌస్ ఒక్కొక్కటే. బాబు ఒకదాని మీద, పాప మరోదాని మీద విడివిడిగా పనిచేసుకుంటారని ఆశపడకండి.

ముందు స్విచ్ ఆపి, సి.పి.యు. వెనకవైపు చూడండి. మూడు వరుసల్లో 15 రంధ్రాలుండేది వి.జి.ఎ. సాకెట్. సాధారణంగా నీలం రంగులో ఉంటుంది. పలకగా ఉండి కింది మూలలు రెండూ నొక్కినట్టుంటే హెచ్.డి.ఎం.ఐ. ఒక్క మూల మాత్రమే కోసినట్టుంటే డిస్‌ప్లే పోర్ట్. మానిటర్ వెనక కూడా ఇలాగే చూసి, దానికి తగ్గ వైరు తెచ్చుకోండి.

కంప్యూటర్‌కి హెచ్.డి.ఎం.ఐ., పాత మానిటర్‌కి వి.జి.ఎ. ఉంటే ‘హెచ్.డి.ఎం.ఐ. నుంచి వి.జి.ఎ.కి’ మార్చే కన్వర్టర్ అడగండి. ‘వి.జి.ఎ. నుంచి హెచ్.డి.ఎం.ఐ.కి’ అని ఉన్నది పనికిరాదు. స్ప్లిటర్ కూడా వద్దు. మామూలు స్ప్లిటర్ పెడితే రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది.

మా ఎదురింటావిడ రెండో తెర వెలగలేదని కొత్తది కొనబోయింది. తీరా చూస్తే తప్పు తెరది కాదు, వైరు పెట్టిన చోటుది! నిలువు సి.పి.యు.లో కీబోర్డు వైర్ల పక్కనుండే సాకెట్లు మదర్‌బోర్డువి. వాటికి కింద అడ్డంగా ఉండేవి గ్రాఫిక్స్ కార్డువి. కార్డు ఉంటే రెండు వైర్లూ దానికే పెట్టాలి. ఒకటి పైన, ఒకటి కింద పెడితే ఒక తెర నల్లగా ఉండిపోవచ్చు.

ఇప్పుడు స్విచ్ వేయండి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట, ‘పి’ కలిపి నొక్కి, ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. ‘డూప్లికేట్’ అంటే రెంటి మీదా ఒకటే కనిపిస్తుంది. మౌస్ ఎడమ తెర నుంచి కుడిదానిలోకి వెళ్ళకుండా అటూ ఇటూ తికమక పెడుతోందా? సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి, 1, 2 అంకెలున్న గళ్ళను మీ బల్ల మీద తెరలున్న వరసలోకి జరపండి.

జాగ్రత్త! పాతకాలం డబ్బా మానిటర్ అయితే వెనక మూత మాత్రం విప్పకండి. స్విచ్ ఆపినా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉండవచ్చు.

ఇక ఈ ఆదివారం అటక ఎక్కి చూస్తారు కదూ!