జముకు మోత ట్యాబ్‌లో పలుకుతుందా?
వేవ్‌టేబుల్ సింథసైజర్ యాప్‌లు – ఒక పోలిక

మన హాస్టల్ వార్షికోత్సవం అనగానే అందరికీ గుర్తొచ్చేది రెండు వారాల ముందు నుంచే మొదలయ్యే హడావుడి. ఒక గదిలో నాటకం, ఇంకో గదిలో పాటలు, మెస్ హాల్లో డాన్సులు. కీబోర్డు అద్దెకు తెస్తాం. దానిలో వందల శబ్దాలుంటాయి. పియానో, గిటారు, వయొలిన్ అన్నీ ఉంటాయి. మన ఊళ్ళలో అమ్మవారి సంబరాలకు విన్న జముకు మాత్రం ఉండదు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ సినిమాలో రఘు కుంచె సంగీతంతో మన పక్క జానపదం బయటి ఊళ్ళకూ చేరింది. మన స్టేజీ మీద మాత్రం ఆ పాటల వెనక ఇంకా ఎవరో ఎక్కడో తయారుచేసిన శబ్దమే మోగుతోంది.

ఈ ఏడు పూర్వ విద్యార్థులు కొందరు సంగీతం కోసం హాస్టల్‌కు ఒక ట్యాబ్ ఇప్పిస్తామన్నారు. ఏ ట్యాబ్ మంచిది, దానిలో ఏ యాప్ వేయాలి అని మమ్మల్ని అడిగారు. మేము ముగ్గురం ఈ హాస్టల్లో ఒకే గదిలో పెరిగి, ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ముగ్గురి ఇళ్ళలోనూ డిగ్రీ పూర్తి చేసింది మేమే మొదలు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫిజిక్స్‌లో తరంగాల పాఠం చదివాం, అంతే. అయినా రెండు నెలలు కూర్చుని చూశాం. తెలుసుకున్నది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అర్థమయ్యేలా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా పరీక్ష సరుకు: 40 సెకన్లు

మాలో ఒకరి తాతది ఉద్దానం తీరంలో ఒక ఊరు. జముకుల కథ చెప్పేవాడు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇంటి కప్పుతో పాటు ఆయన జముకు కూడా పోయింది. మరుసటి ఏడు ఆయనా పోయాడు. మిగిలింది ఒక పాత ఫోన్లో తీసిన రికార్డు. ఆ ఫోన్ పని చేయడం మానేస్తే, టెక్కలిలో ఒక రిపేరు షాపులో మెమరీ కార్డు ఇచ్చి దాన్ని బయటికి తీయించాం.

మొత్తం 40 సెకన్లు. దానిలో మూడు శబ్దాలున్నాయి. ఒకటి జముకు మోత. రెండోది కథ మధ్యలో తాత ‘ఆ...’ అని తీసిన రాగం. మూడోది వెనకాల సంద్రం హోరు. ఏ యాప్ చేతికొచ్చినా ఈ మూడింటినీ దానికి ఇచ్చి చూశాం.

వేవ్‌టేబుల్ అంటే ఎక్కాల పుస్తకం

ఏ శబ్దమైనా గాలి అదురే. సన్నాయి గాని, మనిషి గొంతు గాని ఒకే స్వరం పట్టి ఉంచినప్పుడు ఆ అదురు దాదాపు ఒకే ఆకారంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు వస్తుందన్న దాన్ని బట్టి శ్రుతి. ఆకారం ఎలా ఉందన్న దాన్ని బట్టి అది సన్నాయా, గొంతా అని మన చెవికి తెలుస్తుంది.

ఏడు ఎనిమిదులు ఎంత అని మాస్టారు అడిగితే మనం ఏడుని ఎనిమిది సార్లు కూడుకుంటూ పోము. ఎక్కం గుర్తు చేసుకుని 56 అంటాం. కంప్యూటర్ చేసేదీ ఇదే. ఆ ఆకారాన్ని ప్రతిసారీ కొత్తగా లెక్క కట్టకుండా ఒకసారి అంకెలుగా రాసి పెట్టుకుంటుంది. ఒక ఆకారానికి 2048 అంకెలు అనుకోండి. ట్యాబ్ సెకనుకు 44,100 అంకెలను స్పీకరుకు పంపిస్తుంది. సెకనుకు 440 సార్లు అదిరే స్వరం కావాలంటే 2048ని 440తో హెచ్చించి 44,100తో భాగించాలి. 20.4 వస్తుంది. అంటే పట్టికలో 20 అంకెలకు ఒకటి చొప్పున దాటుకుంటూ చదివితే చాలు. కింది స్థాయిలో అదే స్వరం, అంటే 220 కావాలంటే 10 చొప్పున దాటాలి. పట్టిక మారదు, వేసే అంగ మారుతుంది.

ఇది ఒక్క ఎక్కం. పుస్తకంలో రెండో ఎక్కం తరవాత మూడోది ఉన్నట్టు, కొద్దికొద్దిగా మారుతూ పోయే ఆకారాలను పేజీలుగా పేర్చితే అది వేవ్‌టేబుల్ అవుతుంది. మొదటి పేజీలో ‘ఆ’, చివరి పేజీలో ‘ఈ’ ఉన్నాయనుకోండి. పేజీలు తిప్పుతూ పోతే అదే శ్రుతిలో గొంతు ‘ఆ’ నుంచి ‘ఈ’కి జారుతుంది. పేజీ తిప్పేది మన వేలు కావచ్చు. లేదా నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊగే ఎల్‌ఎఫ్‌ఓ అనే భాగానికి ఆ పని అప్పగించవచ్చు. ఈ విద్యలో అసలు అందం ఈ పేజీలు తిప్పడంలోనే ఉంది.

ఇంకో లాభం, చోటు తక్కువ. 64 పేజీల పుస్తకం, అంకెకు 2 బైట్లు చొప్పున, 256 కేబీలో ఇమిడిపోతుంది. అదే 44,100 లెక్కన మా 40 సెకన్ల రికార్డుకు సుమారు 3.5 ఎంబీ కావాలి. మెమరీ బంగారమంత ఖరీదున్న రోజుల్లో, అంటే 1970ల చివర్లో, జర్మనీలోని హాంబర్గ్‌లో వోల్ఫ్‌గాంగ్ పామ్ అనే ఆయన ఈ పద్ధతితో వాయిద్యాలు చేయడానికి కారణాల్లో ఇదొకటి. ఆయన కంపెనీ పేరు పీపీజీ. 1981లో వచ్చిన ‘వేవ్ 2’ పేరు తెచ్చింది. 1987లో ఆ కంపెనీ మూతపడింది. ఆ దారిలోనే వాల్డార్ఫ్ అనే జర్మన్ కంపెనీ 1989లో ‘మైక్రోవేవ్’ చేసింది. అప్పట్లో ఇద్దరు మోసే పెట్టె చేసిన పని ఇప్పుడు ఒళ్ళో పెట్టుకునే ట్యాబ్ చేస్తోంది.

యాప్‌లు ఒక్కొక్కటిగా

అన్నిటినీ నాలుగు ప్రశ్నలు అడిగాం. మన సొంత శబ్దాన్ని లోపలికి రానిస్తుందా? నెట్ లేకపోయినా పని చేస్తుందా? స్వరాన్ని జార్చడానికి, అంటే గమకానికి వీలుందా? ఖర్చు ఒకసారితో పోతుందా? ఐప్యాడ్ మాది కాదు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న నెల రోజులకు ఇచ్చాడు. ఆండ్రాయిడ్ ట్యాబ్ మా దగ్గర ఉన్నదే.

వాల్డార్ఫ్ నేవ్ (ఐప్యాడ్): 2013లో వచ్చింది. పైన చెప్పిన వాల్డార్ఫ్ వాళ్ళదే. మనం ఇచ్చిన రికార్డును తానే కోసి పేజీలుగా మార్చుకుంటుంది. ఆ పేజీలన్నీ తెర మీద ఒకదాని వెనక ఒకటి కొండల వరసలా కనిపిస్తాయి. మందస నుంచి మహేంద్రగిరి వైపు చూసినట్టుంటుంది. వేవ్‌టేబుల్ అంటే ఏమిటో పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి బొమ్మ మాకు దొరకలేదు. డబ్బు పెట్టి కొనాలి.

యానిమూగ్ జడ్ (ఐప్యాడ్): అమెరికాలోని మూగ్ కంపెనీ 2011లో చేసిన యానిమూగ్‌కు ఇది 2021లో వచ్చిన కొత్త రూపం. ఇక్కడ పేజీలు ఒకే వరసలో ఉండవు. ఒక మైదానంలో పరచి ఉంటాయి. వాటి మధ్య ఒక చుక్క తిరుగుతూ ఉంటుంది. అది ఎటు పోతే శబ్దం అటు మారుతుంది. మెట్ల మీద వేలు జారిస్తే స్వరమూ జారుతుంది. గమకానికి మేము చూసిన వాటిలో ఇదే మేలు. డౌన్‌లోడ్ ఉచితం, పూర్తి సదుపాయాలకు డబ్బు కట్టాలి.

గ్యారేజ్‌బ్యాండ్ (ఐప్యాడ్): ఉచితం. దీనిలోని ఆల్కెమీ సింథ్‌లో శబ్దాలు బాగుంటాయి, కానీ అవి తయారుగా ఉన్నవి. ఐప్యాడ్‌లో మనం లోపలికి పోయి మార్చగలిగేది తక్కువ. అయితే మైకుతో రికార్డు చేసి మెట్ల మీద వాయించే శాంప్లర్ దీనిలోనే ఉంది. పాట మొత్తం రికార్డు చేయడానికీ పనికొస్తుంది.

సన్‌వాక్స్ (ఆండ్రాయిడ్, ఐప్యాడ్, కంప్యూటర్): అలెగ్జాండర్ జొలొతోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్ రాసింది. పాత ట్యాబ్‌లో కూడా నడుస్తుంది. కంప్యూటర్‌కు ఉచితం, ట్యాబ్‌లో ఒకసారి కొనాలి. ఆకారాన్ని మన వేలితోనే గీయవచ్చు, కానీ ఒక్కొక్క పేజీయే. పుస్తకం కావాలంటే నాలుగైదు పేజీలు విడిగా చేసి, ఒకదాన్ని తగ్గిస్తూ ఇంకోదాన్ని పెంచుకోవాలి. మొదటి వారం తల తిరిగింది. కానీ ఎక్కువ నేర్చుకున్నది దీని దగ్గరే.

కంప్యూటర్ అందుబాటులో ఉన్నవాళ్ళు వైటల్ చూడవచ్చు. మ్యాట్ టైటెల్ అనే ఆయన 2020లో విడుదల చేశాడు. ఉచితంగా దొరికే రూపం కూడా ఉంది. ట్యాబ్‌కు కాకపోయినా నేర్చుకోవడానికి చాలా మంచిది.

ఏది పలికింది, ఏది పలకలేదు

జముకును ఇచ్చాం. ఏ యాప్‌లోనూ రాలేదు. ‘గుమ్’ మనాల్సింది బోరు మోటారు మోతలా ‘ఊఁ’ అని ఆగకుండా మోగింది. తప్పు యాప్‌ది కాదు, మాది. జముకు అంటే తోలు బిగించిన గుండ్రటి పాత్ర. తోలు నడుమ నుంచి ఒక తీగ వస్తుంది. దాని కొసన కట్టిన పుల్లను లాగుతూ, వదులు చేస్తూ మీటుతారు. అందుకని దాని శ్రుతి ఎక్కడా నిలవదు, జారుతూనే ఉంటుంది. పైగా మీటిన క్షణంలో ఉన్న ఆకారం మరుక్షణం ఉండదు. మళ్ళీ మళ్ళీ వచ్చే ఆకారమే లేనప్పుడు ఎక్కం ఎలా రాస్తాం? డప్పుకూ, తప్పెటగుళ్ళకూ ఇదే మాట. వీటికి రికార్డును ఉన్నదున్నట్టు వాయించే శాంప్లర్ కావాలి. కోలా అనే చిన్న శాంప్లర్ యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐప్యాడ్‌లోనూ దొరుకుతుంది. దానిలో వేస్తే జముకు జముకులాగే పలికింది.

సంద్రం హోరు కూడా రాలేదు. హోరుకు శ్రుతి లేదు. దానికి వేవ్‌టేబుల్ అక్కర్లేదు. సింథసైజర్లలో ఉండే నాయిస్ అనే భాగాన్ని ఫిల్టర్‌లో పెట్టి నెమ్మదిగా పెంచి తగ్గిస్తే అల వచ్చి వెళ్ళినట్టే ఉంటుంది.

తాత ‘ఆ...’ మాత్రం వచ్చింది. నేవ్‌లో వేసి మెట్టు నొక్కితే, ఆయన ఎన్నడూ పాడని స్వరాల్లో కూడా ఆయన గొంతు వినిపించింది. మాకు కాసేపు మాట రాలేదు. మర్నాడు ఐప్యాడ్ తీసుకుని ఊరెళ్ళాం. మామ్మ అరుగు మీద జీడిపప్పు పొట్టు తీస్తోంది. పక్కన కూర్చుని వినిపించాం. చేతిలో పని ఆపి రెండుసార్లు వింది.

“గొంతు మీ తాతదే. ఊపిరేదిరా బాబూ?” అంది.

మేము రెండు నెలల్లో కనిపెట్టలేనిది ఆమె రెండుసార్లు విని చెప్పింది. ఆలోచిస్తే అదే నిజం. పేజీలోకి ఎక్కేది మళ్ళీ మళ్ళీ వచ్చే ఆకారం మాత్రమే. గొంతుతో పాటు వచ్చే గాలి, చిన్న వణుకు ఏ రెండు క్షణాల్లోనూ ఒకలా ఉండవు. అందుకే అవి పట్టికలో నిలవవు. తిరిగి వచ్చాక మూడు మార్పులు చేశాం. కొంచెం నాయిస్ కలిపాం. ఎల్‌ఎఫ్‌ఓతో పేజీలు బాగా నెమ్మదిగా కదిలేలా పెట్టాం. ప్రతి స్వరం మొదట్లో అసలు రికార్డులోని ఊపిరి ముక్కను శాంప్లర్ నుంచి వినిపించాం. ఫోన్లో మళ్ళీ వినిపిస్తే మామ్మ “కొంత నయం” అంది. అంతకంటే పెద్ద మార్కులు మాకు ఏ పరీక్షలోనూ రాలేదు.

మరి ఏది కొనాలి?

ఎవరైనా వాడిన ఐప్యాడ్ మంచి స్థితిలో ఇస్తే అది తీసుకుందాం. దానిలో ముందు ఉచితంగా వచ్చే గ్యారేజ్‌బ్యాండ్, యానిమూగ్ జడ్ వేసుకుని, తరవాత డబ్బు చూసుకుని నేవ్ కొందాం. ఆండ్రాయిడ్ ట్యాబ్ మాత్రమే కుదిరితే కోలా, సన్‌వాక్స్ చాలు. అయితే కొన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో వేలు పెట్టిన తరవాత శబ్దం ఆలస్యంగా వస్తుంది. తాళం తప్పుతుంది. పాతవాటిలో ఇది ఎక్కువ. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి దీనికి మెరుగైన ఏర్పాటు ఉంది. కొనే ముందు షాపులోనే డ్రమ్ము యాప్ ఒకటి వేసి, వేలితో కొట్టి చూడండి.

ఇయర్‌ఫోన్ రంధ్రం ఉందో లేదో కూడా చూడండి. మన మైకుసెట్టుకు తీగ పెట్టాలంటే అది కావాలి. 2022లో వచ్చిన 10వ తరం ఐప్యాడ్‌లో ఆ రంధ్రం తీసేశారు, విడిగా అడాప్టర్ కొనుక్కోవాలి. యాప్‌ను చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో స్టోర్‌లో చూశాకే డబ్బు కట్టండి. ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబ్‌లు పాఠాల కోసం ఇచ్చినవి. వాటి జోలికి పోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. ఏ యాప్‌లో ఎన్ని వందల శబ్దాలున్నాయో లెక్కపెట్టి ఎంచుకోకండి. మన శబ్దాన్ని లోపలికి రానిస్తుందా అని మొదట అడగండి.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మనవి

ట్యాబ్ వచ్చేదాకా ఆగనవసరం లేదు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లో, వీధిలో పాడే పెద్దవాళ్ళను ఫోన్లో రికార్డు చేయండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపి, మూరెడు దూరంలో ఉంచండి. ‘ఆ, ఈ, ఊ, ఏ, ఓ’ ఒక్కొక్కటీ ఒకే శ్రుతిలో 5 సెకన్లు పట్టమని అడగండి. వాయిద్యమైతే ఒక్కొక్క దెబ్బ విడివిడిగా కొట్టించండి. తరవాత పాట మొత్తం పాడించుకోండి. ముందు వాళ్ళ అనుమతి అడగండి. స్టేజీ మీద వాడినప్పుడు వాళ్ళ పేరు చెప్పండి.

మా దగ్గర ఉన్నవి 40 సెకన్లే. ఇంకొక్క నిమిషం తీసి ఉంటే ‘ఈ’, ‘ఊ’ కూడా ఉండేవి, పుస్తకంలో ఇంకా పేజీలుండేవి. ఈసారి వార్షికోత్సవంలో ఒక పాట వెనకాల ఆ ‘ఆ...’ వినిపిస్తాం. మామ్మ వస్తానంది. ముందు వరసలో ఒక కుర్చీ ఉంచండి.