గోధుమ రంగు గుడ్డుకు ఎక్కువ ధర పెడుతున్నారా? ముందు ఇవి చూడండి

సూపర్ మార్కెట్‌లో ఒక అరలో తెల్ల గుడ్లు. పక్కనే ‘ఫార్మ్ ఫ్రెష్’ అని రాసిన గోధుమ రంగు గుడ్లు, ధర కూడా ఎక్కువే. పిల్లలకు మంచివి పెడదామని చెయ్యి అటే వెళ్తుంది. మరి ఆ అదనపు డబ్బుకు మీకు దక్కేదేమిటి?

పెంకు రంగు ఏం చెబుతుంది?

కోడి జాతిని చెబుతుంది, అంతే. వైట్ లెగ్‌హార్న్ తెల్ల గుడ్డు పెడుతుంది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ గోధుమ రంగు గుడ్డు పెడుతుంది. పెంకు రంగును బట్టి పోషకాలు మారవు. అలాంటి కోళ్లను ఫారాల్లోనూ పెంచుతారు కాబట్టి గోధుమ రంగు గుడ్డు నాటుకోడిదే అనుకోవద్దు.

సొన ముదురుగా ఉంటే మంచిదా?

సొన రంగు మేతను బట్టి వస్తుంది. పచ్చిక, మొక్కజొన్న తింటే ముదురుతుంది. దాణాలో బంతిపూల పొడి కలిపినా అంతే. రంగు చూసి పెరటి కోడి గుడ్డని తేల్చలేం.

తాజాదనం ఎలా తెలుసుకోవాలి?

ప్యాకెట్ అయితే తేదీ చూడండి. విడిగా కొంటే ‘ఎప్పుడు పెట్టినవి? ఎండలో ఉంచారా?’ అని అడగండి. పగుళ్లు, రెట్ట అంటినవి వద్దు. ఇంట్లో ఓ గిన్నెడు నీళ్లలో వేసి చూడండి. అడ్డంగా మునిగితే తాజాది, నిలువుగా నిలబడితే కొంత పాతది, తేలితే బాగా పాతది. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్నని రంధ్రాల గుండా తేమ పోయి, లోపల గాలి పెరగడమే కారణం. అయితే ఈ పరీక్షతో గుడ్డు వయసే తెలుస్తుంది, బ్యాక్టీరియా సంగతి తెలియదు.

లేబుల్‌ను నమ్మొచ్చా?

ప్యాకెట్‌పై 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ ఉందో లేదో చూడండి. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు. ‘ఆర్గానిక్’ అని రాసి ఉంటే అధికారిక ధ్రువీకరణ గుర్తు కోసం వెతకండి. మోసపోయామనిపిస్తే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ధర సరైనదేనా?

నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ నగరాలవారీగా రోజూ 100 గుడ్ల ధర ప్రకటిస్తుంది. అది సూచన ధర మాత్రమే. దుకాణంలో ఎంత అదనంగా అడుగుతున్నారో అంచనా వేయడానికి పనికొస్తుంది.

ఇంటికి తెచ్చాక?

కడిగి దాచొద్దు, పెంకుపై ఉండే సహజ పొర పోతుంది. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి. చిన్న పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు సొన గట్టిపడేదాకా ఉడికించే పెట్టండి. సాల్మొనెల్లా ముప్పు తగ్గేది పెంకు రంగుతో కాదు, వేడితోనే.

ఆరుబయట పెంచిన కోడి గుడ్డే కావాలనుకుంటే ఎక్కువ ఇవ్వడంలో తప్పులేదు. కానీ ఆ కోడిని ఎక్కడ, ఎలా పెంచారో చెప్పగలిగేవారి దగ్గరే కొనండి.