మధ్యశ్రేణి ఎస్‌యూవీల ఇంధన సామర్థ్యం, నిర్వహణ వ్యయం

మధ్యశ్రేణి ఎస్‌యూవీ అనగా భారతదేశ వాహన విపణిలో సుమారు 4.2 నుండి 4.4 మీటర్ల పొడవు కలిగి, ఐదుగురు కూర్చొనుటకు వీలైన, నేల నుండి ఎత్తుగా నిర్మించబడిన కారు. హ్యుండాయ్ క్రెటా, కియా సెల్టోస్, మారుతీ సుజుకీ గ్రాండ్ విటారా, టొయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్ ఈ తరగతిలో ప్రసిద్ధమైనవి. అమెరికాలో ఇదే పేరుతో పిలువబడే వాహనాలు వీటికంటే చాలా పెద్దవి. ఒక వాహనాన్ని సొంతం చేసుకొని నడుపుటకు అయ్యే మొత్తం ఖర్చును నిర్వహణ వ్యయం అంటారు. ఇంధనం ఇందులో ఒక భాగం మాత్రమే. తరుగుదల, అప్పుపై వడ్డీ, బీమా, సర్వీసు, టైర్లు మిగిలిన భాగాలు.

నేపథ్యం

భారతదేశంలో ఈ తరగతికి ఆదరణ తెచ్చిన వాహనం 2012లో విడుదలైన రెనో డస్టర్. 2015లో హ్యుండాయ్ క్రెటా, 2019 ఆగస్టులో కియా సెల్టోస్ వచ్చాయి. సెల్టోస్ ఆంధ్ర ప్రదేశ్‌లోని పెనుకొండ సమీపాన గల కియా కర్మాగారంలో తయారైన మొదటి కారు. అప్పట్లో అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. 2022లోనే గ్రాండ్ విటారా, హైరైడర్ విడుదల కావడంతో ఈ తరగతిలోకి పూర్తిస్థాయి హైబ్రిడ్ ఇంజను ప్రవేశించింది.

ఇంధన ఎంపికపై ప్రభుత్వ నిర్ణయాల ప్రభావం కూడా కలదు. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై, 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగించబడినది. అంతకు ముందు ఈ రెండింటి ధరల మధ్య ఎక్కువగా ఉన్న వ్యత్యాసం క్రమంగా తగ్గింది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ఉద్గార నియమాలు అమలులోకి వచ్చుటతో డీజిల్ ఇంజనుల తయారీ ఖర్చు పెరిగింది. మారుతీ సుజుకీ ఆ సమయంలోనే డీజిల్ కార్ల తయారీని నిలిపివేసినది.

ఇంధన సామర్థ్యపు కొలమానం

భారతదేశంలో ఇంధన సామర్థ్యాన్ని లీటరుకు కిలోమీటర్లలో చెబుతారు. వాడుకలో దీనిని మైలేజీ అంటారు. ఐరోపాలో ఇందుకు విలోమంగా, 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు ఖర్చగునో చెబుతారు. రెండూ ఒకే విషయాన్ని తెలిపినప్పటికీ, పొదుపును అంచనా వేయుటలో మొదటి పద్ధతి పొరపాటుకు దారి తీయవచ్చును.

ఉదాహరణకు సంవత్సరానికి 12,000 కి.మీ. తిరిగే ఒక కారు మైలేజీ 10 నుండి 12కు పెరిగినచో, ఇంధనం 1,200 లీటర్ల నుండి 1,000 లీటర్లకు తగ్గును. అనగా పొదుపు 200 లీటర్లు. మరొక కారు మైలేజీ 20 నుండి 24కు పెరిగినచో, ఇంధనం 600 నుండి 500 లీటర్లకు తగ్గును. ఇక్కడ పెరుగుదల రెట్టింపుగా కనిపించినప్పటికీ పొదుపు 100 లీటర్లు మాత్రమే. ఈ భ్రమను రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అను పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. కావున రెండు వాహనాలను పోల్చునపుడు మైలేజీల తేడాను కాక, ఖర్చయ్యే లీటర్ల తేడాను చూడవలెను.

ప్రకటిత మైలేజీ, వాస్తవ మైలేజీ

తయారీదారులు ప్రకటించే మైలేజీ రహదారిపై కొలిచినది కాదు. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా (ఏఆర్ఏఐ) వంటి సంస్థలలో, తిరిగే రోలర్లపై వాహనాన్ని నిలిపి, ముందుగా నిర్ణయించిన వేగాల క్రమంలో నడిపి కొలుస్తారు. ఈ క్రమంలో గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ. క్రింద పేర్కొన్న సంఖ్యలు వచ్చిన పరీక్షలలో ఏసీని ఆపి ఉంచుతారు. ఎదురుగాలి, ఎత్తుపల్లాలు, ట్రాఫిక్ రద్దీ అక్కడ ఉండవు. అందువలన వాస్తవంగా వచ్చే మైలేజీ, ముఖ్యంగా నగరాలలో, ప్రకటిత సంఖ్య కంటే తక్కువగా ఉంటుంది.

కొన్ని వాహనాల ప్రకటిత మైలేజీ ఈ విధంగా ఉన్నది:

* హ్యుండాయ్ క్రెటా (2024), 1.5 లీటర్ల పెట్రోలు, మాన్యువల్ గేరు – 17.4 కి.మీ.
* హ్యుండాయ్ క్రెటా (2024), 1.5 లీటర్ల డీజిల్, మాన్యువల్ గేరు – 21.8 కి.మీ.
* హ్యుండాయ్ క్రెటా (2024), 1.5 లీటర్ల డీజిల్, ఆటోమేటిక్ గేరు – 19.1 కి.మీ.
* మారుతీ సుజుకీ గ్రాండ్ విటారా (2022), పూర్తిస్థాయి హైబ్రిడ్ – 27.97 కి.మీ.

ఈ సంఖ్యలన్నీ ఒకే విధమైన పరీక్షలో వచ్చినవి గనుక వాహనాలను ఒకదానితో ఒకటి పోల్చుటకు ఉపయోగపడతాయి. అయితే నెలవారీ పెట్రోలు ఖర్చును వీటి ఆధారంగా లెక్కించుట సరికాదు.

సొంత వాహనపు మైలేజీని తెలుసుకొనుటకు సులభమైన పద్ధతి ఒకటి కలదు. ట్యాంకు నిండుగా ఇంధనం పోయించి, మీటరులోని సంఖ్యను వ్రాసుకోవలెను. కొన్ని వందల కిలోమీటర్లు నడిపిన తరువాత మరల ట్యాంకు నింపి, తిరిగిన దూరాన్ని రెండవసారి పోసిన లీటర్లతో భాగించవలెను. ఇట్లు మూడు నాలుగు సార్లు చేసి సగటు తీసినచో నమ్మదగిన సంఖ్య లభిస్తుంది.

మైలేజీని ప్రభావితం చేసే అంశాలు

బరువు: కారును వేగవంతం చేసిన ప్రతిసారీ ఖర్చైన శక్తి, బ్రేకు వేసినపుడు వేడిగా మారి వృథా అవుతుంది. కారు బరువు పెరిగిన కొద్దీ ఈ నష్టం పెరుగును. కూడళ్ళ వద్ద ఆగుతూ సాగే నగర ప్రయాణంలో ఇదే ప్రధాన కారణం.

గాలి నిరోధం: ఇది వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం 80 నుండి 100 కి.మీ.కు పెరిగినచో గాలి నిరోధం సుమారు 56 శాతం పెరుగును. ఎస్‌యూవీల ముందుభాగం ఎత్తుగా, వెడల్పుగా ఉండుట వలన, అదే ఇంజను గల సెడాన్ కంటే ఇవి జాతీయ రహదారిపై ఎక్కువ ఇంధనం తీసుకుంటాయి.

ఇంజను రకం: డీజిల్ ఇంజనులో సంపీడన నిష్పత్తి ఎక్కువ. లీటరు డీజిల్‌లో ఉండే శక్తి కూడా లీటరు పెట్రోలు కంటే ఎక్కువ. ఈ రెండు కారణాల వలన డీజిల్ కారు ఎక్కువ మైలేజీ ఇస్తుంది. హైబ్రిడ్ కారు బ్రేకు వేసినపుడు వృథా అయ్యే శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలో నిల్వ చేసి తిరిగి వాడుకుంటుంది. కావున హైబ్రిడ్ ప్రయోజనం నగరంలో ఎక్కువగాను, ఆగకుండా సాగే రహదారి ప్రయాణంలో తక్కువగాను ఉంటుంది. హైదరాబాదు నగరంలో రోజూ కార్యాలయానికి వెళ్ళివచ్చే వారికి, తరచుగా హైదరాబాదు – విజయవాడ రహదారిపై తిరిగే వారికి ఒకే కారు లాభదాయకం కాకపోవుటకు కారణం ఇదే.

ఇంధన మిశ్రమం: దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపవలెనన్న లక్ష్యం 2025లో నెరవేరినది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే సుమారు మూడవ వంతు తక్కువ. మునుపటి ఇంధనాలకు అనువుగా రూపొందించిన నాలుగు చక్రాల వాహనాలలో 20 శాతం మిశ్రమం వలన సామర్థ్యం 6 నుండి 7 శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది.

నడిపే తీరు: టైర్లలో గాలి తగ్గుట, వాహనం ఆగి ఉన్నపుడు ఇంజనును నడుపుతూ ఉంచుట, హఠాత్తుగా వేగం పెంచి వెంటనే బ్రేకు వేయుట, పైకప్పు మీద సామాను కట్టుట మైలేజీని తగ్గిస్తాయి.

ఇంధన ఖర్చు – ఒక ఉదాహరణ

సంవత్సరానికి 12,000 కి.మీ. ప్రయాణం, పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిల్ 96 రూపాయలు అనుకొనిన, వాస్తవ మైలేజీ ఈ క్రింది విధంగా ఉన్నచో ఖర్చు ఇట్లుండును:

* పెట్రోలు (12 కి.మీ.): 1,000 లీటర్లు, 1,07,000 రూపాయలు, కిలోమీటరుకు 8.92 రూపాయలు
* డీజిల్ (16 కి.మీ.): 750 లీటర్లు, 72,000 రూపాయలు, కిలోమీటరుకు 6 రూపాయలు
* హైబ్రిడ్ (20 కి.మీ.): 600 లీటర్లు, 64,200 రూపాయలు, కిలోమీటరుకు 5.35 రూపాయలు

విద్యుత్ ఎస్‌యూవీలో ఒక యూనిట్‌కు 6 కి.మీ. వచ్చి, ఇంటివద్ద యూనిట్ ధర 9 రూపాయలైనచో కిలోమీటరుకు 1.50 రూపాయలు అవుతుంది. బయటి ఛార్జింగ్ కేంద్రంలో యూనిట్‌కు 20 రూపాయలు చెల్లించినచో అది 3.33 రూపాయలకు పెరుగుతుంది. కావున విద్యుత్ వాహనపు లాభం ప్రధానంగా ఇంటివద్ద ఛార్జింగ్ వసతిపై ఆధారపడి ఉంటుంది. అపార్టుమెంటులలో నివసించువారు కొనుటకు ముందు ఈ వసతిని నిర్ధారించుకొనుట అవసరం.

అదనపు ధర తిరిగి వచ్చే కాలం

డీజిల్ కారు ధర అదే స్థాయి పెట్రోలు కారు కంటే 1,50,000 రూపాయలు ఎక్కువ అనుకొనిన, పై లెక్క ప్రకారం సంవత్సరానికి 35,000 రూపాయల ఇంధనం ఆదా అగును. అదనంగా పెట్టిన సొమ్ము తిరిగి వచ్చుటకు సుమారు 4 సంవత్సరాల 3 నెలలు పట్టును. సంవత్సరానికి 20,000 కి.మీ. తిరిగేవారికి 2 సంవత్సరాల 7 నెలలు చాలును. 6,000 కి.మీ. మాత్రమే తిరిగేవారికి ఎనిమిదిన్నర సంవత్సరాలు కావలెను.

అదనపు సొమ్మును 9 శాతం వడ్డీతో 5 సంవత్సరాలకు అప్పుగా తీసుకొనినచో, మొత్తం చెల్లింపు సుమారు 1,86,800 రూపాయలగును. అప్పుడు 12,000 కి.మీ. తిరిగేవారికి సైతం 5 సంవత్సరాల 4 నెలలు పట్టును. హైబ్రిడ్ కారుకు 3,00,000 రూపాయలు అదనమైనచో, వడ్డీ లేకుండానే 7 సంవత్సరాలు పట్టును. "మైలేజీ ఎక్కువ గనుక ఖర్చు తక్కువ" అను సాధారణ అభిప్రాయం తక్కువ దూరం తిరిగే కుటుంబాల విషయంలో తప్పుగా తేలుటకు ఇదే కారణం.

ఇంధనేతర ఖర్చులు

తరుగుదల: బీమా నిమిత్తం వాహన విలువను లెక్కించే పట్టిక ప్రకారం, ఒక సంవత్సరం దాటి రెండు సంవత్సరాల లోపు కారుకు 20 శాతం, నాలుగు దాటి ఐదు సంవత్సరాల లోపు కారుకు 50 శాతం తరుగుదల చూపుతారు. 15 లక్షల రూపాయల కారు ఐదు సంవత్సరాలలో 60,000 కి.మీ. తిరిగి సగం విలువ కోల్పోయినచో, తరుగుదల కిలోమీటరుకు 12.50 రూపాయలు. ఇది పై ఉదాహరణలోని పెట్రోలు ఖర్చు కంటే ఎక్కువ. అమ్మకపు ధర వాహనపు ఆదరణను, స్థితిని బట్టి మారుతుంది.

వడ్డీ: 10 లక్షల రూపాయలను 9 శాతం వడ్డీతో 5 సంవత్సరాలకు తీసుకొనినచో నెలసరి వాయిదా సుమారు 20,760 రూపాయలు. మొత్తం వడ్డీ సుమారు 2,45,500 రూపాయలు. ఇది 60,000 కి.మీ. ప్రయాణంపై కిలోమీటరుకు 4 రూపాయలకు పైగా అవుతుంది.

బీమా: 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2018 సెప్టెంబరు నుండి కొత్త కార్లకు దీనిని మూడు సంవత్సరాలకు ఒకేసారి తీసుకోవలెను. 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం, 1,000 నుండి 1,500 సీసీ ఇంజను గల సొంత కార్లకు వార్షిక ప్రీమియం 3,416 రూపాయలు, 1,500 సీసీ మించిన వాటికి 7,897 రూపాయలుగా నిర్ణయించబడినది. క్రెటా, గ్రాండ్ విటారా ఇంజనులు 1,500 సీసీకి కొంచెం తక్కువగా ఉండుట వలన మొదటి వర్గంలోకి వస్తాయి. రెండు లీటర్ల స్థాయి ఇంజనులు గల మహీంద్రా స్కార్పియో-ఎన్ రెండవ వర్గంలోకి వస్తుంది. సొంత వాహన నష్టానికి చేయు బీమా దీనికి అదనం.

పన్నులు: 2025 సెప్టెంబరు 22 నుండి అమలైన జీఎస్‌టీ సవరణలో, 4 మీటర్ల కంటే పొడవైన ఎస్‌యూవీలపై 28 శాతం పన్నును, దానిపై విధించే సెస్సును తొలగించి 40 శాతం పన్ను నిర్ణయించారు. విద్యుత్ కార్లపై 5 శాతం పన్ను కొనసాగింది. దీనికి తోడు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వాహనపు ధరను బట్టి జీవితకాల పన్ను వసూలు చేస్తారు.

మరమ్మతులు: భారత్ స్టేజ్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టి ఉంచే వడపోత సాధనం ఉంటుంది. పోగైన మసి కాలిపోవుటకు ఇంజను కొంతసేపు నిలకడైన వేగంతో నడచి పొగ బాగా వేడెక్కవలెను. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిపే కారులో ఇది జరుగక, వడపోత మూసుకుపోవచ్చును. కొన్ని డీజిల్ కార్లలో యూరియా ద్రావణాన్ని కూడా అప్పుడప్పుడు నింపవలసి ఉంటుంది. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో బ్యాటరీపై వారంటీ ఎన్ని సంవత్సరాలు, ఎన్ని కిలోమీటర్లు ఉన్నదో పరిశీలించుట ముఖ్యం.

పర్యావరణం, జాతీయ ఆర్థిక వ్యవస్థ

ఒక లీటరు పెట్రోలు దహనం వలన సుమారు 2.3 కిలోలు, లీటరు డీజిల్ వలన సుమారు 2.65 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడును. భారతదేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నది. ఈ కారణంగా తయారీదారులు అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వినియోగంపై పరిమితులు 2017-18 నుండి అమలులోకి వచ్చాయి. 2022-23 నుండి అవి మరింత కఠినమైనాయి. తేలికపాటి కార్ల స్థానంలో బరువైన ఎస్‌యూవీల అమ్మకాలు పెరిగినపుడు, ఇంజనులలో సాధించిన అభివృద్ధిలో కొంత భాగం ఆ బరువుకే ఖర్చవుతుంది.

ఎంపిక

తక్కువ దూరం తిరిగేవారికి సాధారణ పెట్రోలు కారు, రహదారులపై ఎక్కువగా తిరిగేవారికి డీజిల్, నగర రద్దీలో ఎక్కువగా తిరిగేవారికి హైబ్రిడ్, ఇంటివద్ద ఛార్జింగ్ వసతి ఉండి రోజూ నిర్ణీత దూరం తిరిగేవారికి విద్యుత్ కారు సాధారణంగా అనుకూలం. ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి. కావున సొంత వార్షిక ప్రయాణ దూరం, స్థానిక ఇంధన ధర, రెండు వాహనాల ఆన్-రోడ్ ధరల మధ్య తేడా అను మూడు సంఖ్యలతో పై లెక్కను తిరిగి చేసుకొనినచో, అదనపు ధర ఎన్ని సంవత్సరాలలో తిరిగి వచ్చునో తెలుస్తుంది. ఆ కాలం వాహనాన్ని ఉంచుకొనదలచిన కాలం కంటే ఎక్కువైనచో, మైలేజీ కొరకు అదనపు ధర చెల్లించుట ఆర్థికంగా లాభం కాదు.