రోబో కోడ్‌లో పేరు పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

ఈ రోజు రోబో ప్రోగ్రామ్‌లో మనం పెట్టే పేర్ల గురించి మాట్లాడుకుందాం. చిన్న విషయమే అనిపిస్తుంది, కానీ నన్ను ఒక రాత్రంతా ఏడిపించింది.

కాలేజీలో లైన్ ఫాలోవర్ రోబో చేశాం. లైన్ చూసి ఎటు తిరగాలో రాస్ప్‌బెర్రీ పై చెప్తుంది, యూఎస్‌బీ కేబుల్‌తో కలిపిన ఆర్డుయినో మోటార్లు తిప్పుతుంది. తెల్లారితే డెమో. ఈ రెండిటినీ మాట్లాడించే పైథాన్ ఫైల్‌కి నేను 'సీరియల్ డాట్ పీవై' అని పేరు పెట్టాను. రన్ చేస్తే ఎర్రర్: సీరియల్‌లో 'సీరియల్' అనేదే లేదట! కేబుల్ మార్చాం, ఆర్డుయినో మార్చాం, లైబ్రరీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం. రాత్రి రెండయింది. తప్పు వైర్లలో లేదు, నేను పెట్టిన పేరులో ఉంది.

ఇంపోర్ట్ అనగానే పైథాన్ ముందుగా మనం రన్ చేసే ఫైల్ ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. అక్కడ నా ఫైలే దొరికింది. అసలు పైసీరియల్ లైబ్రరీ దాకా వెళ్లనే లేదు. ఇంట్లో ఇద్దరికి ఒకటే పేరుంటే, పిలవగానే దగ్గరున్నవాడే పలుకుతాడు కదా, అలాగన్నమాట.

ఇలాంటి గొడవలు మూడు రకాలు.

ఒకటి, రిజర్వ్‌డ్ వర్డ్స్. భాష తన పనికోసం అట్టిపెట్టుకున్న మాటలు. పైథాన్‌లో ఇవి 35. రిలే మాడ్యూల్ మీద 'ఇన్' అని ఉంది కదా అని, చిన్న అక్షరాల్లో అదే పేరు వేరియబుల్‌కి పెడితే వెంటనే సింటాక్స్ ఎర్రర్. ఇది నయం, ఆ లైన్ దగ్గరే దొరికిపోతుంది. ఈ లిస్టు మారుతుంది కూడా. 2018లో వచ్చిన పైథాన్ 3.7లో 'అసింక్', 'అవెయిట్' చేరాయి. వాటిని మామూలు పేర్లుగా వాడిన పాత కోడ్ అక్కడితో ఆగిపోయింది.

రెండు, బిల్ట్-ఇన్ పేర్లు. మోటార్ స్పీడ్ లిమిట్ 255 అని 'మ్యాక్స్'లో పెట్టారనుకోండి. పైథాన్ అప్పుడేమీ అనదు. ఎక్కడో కింద, రెండు సెన్సర్ రీడింగుల్లో పెద్దది తీయడానికి మ్యాక్స్‌ని పిలిచినప్పుడు ప్రోగ్రామ్ పడిపోతుంది. అప్పటికి రోబో ట్రాక్ మీద ఉంటుంది! ఆర్డుయినోలో టైమ్‌అవుట్ రాయకపోతే, చివరగా అందిన ఆర్డర్ ప్రకారం మోటార్లు తిరుగుతూనే ఉంటాయి.

మూడు, నాకు జరిగింది: లైబ్రరీ పేరే ఫైల్‌కి పెట్టడం.

మరి ఏం చేయాలి? పని తెలిసేలా పేరు పెట్టండి: 'ఇన్' బదులు 'రిలే_పిన్', 'మ్యాక్స్' బదులు 'మోటార్_స్పీడ్_లిమిట్'. 'లాంబ్డా' లాంటి మాటే కావాలంటే చివర ఒక అండర్‌స్కోర్ తగిలించండి. పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 చెప్పేదీ ఇదే. డౌట్ వస్తే 'కీవర్డ్' మాడ్యూల్ ఇంపోర్ట్ చేసి, అందులోని 'కేడబ్ల్యూలిస్ట్' ప్రింట్ చేయండి, మొత్తం లిస్టు వస్తుంది. ఏ ఫైల్ లోడ్ అయిందో తెలియాలంటే, ఇంపోర్ట్ కింది లైన్‌లోనే 'సీరియల్.__ఫైల్__' ప్రింట్ చేసి చూడండి.

ఆ రాత్రి ఫైల్ పేరు 'రోబో_లింక్' అని మార్చాను, అంతే, చక్రాలు తిరిగాయి. నిద్ర కళ్లతోనే డెమో ఇచ్చాం. మీరు మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఫైల్ పేరు ఒకసారి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!