పోపులపెట్టె లెక్క

మా అబ్బాయి సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొంటానన్నాడు. "దీని మెమరీ సెకనుకు 760 గిగాబైట్లు అందిస్తుంది, దానిది 512. మొదటిదే కొందాం నాన్నా!" అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకేం తెలుసు? డబ్బు నాది గనుక కూర్చుని చదివాను.

రెండూ 2020 నాటివే. ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 3080లో మెమరీకీ చిప్పుకూ నడుమ దారి వెడల్పు 320 బిట్లు. ఏ.ఎం.డి. ఆర్.ఎక్స్. 6800 ఎక్స్.టి.లో 256 మాత్రమే. అయినా చాలా ఆటల్లో రెండూ ఇంచుమించు సమానంగా నడిచాయి!

ఎలాగంటారా? వంటింట్లోకి రండి. తాలింపు వేసిన ప్రతిసారీ ఆవాలకోసం కొట్టుగదికి పరుగెత్తేవారు ఉంటారా? పోపులపెట్టె చేతికందేచోటే ఉంటుంది. చిప్పుకు వెలుపలి మెమరీ కొట్టుగది. లోపలి క్యాష్ పోపులపెట్టె. ఇప్పుడే వాడిన సమాచారం మళ్ళీ కావలసివస్తే బయటికి పోనక్కరలేదు, కరెంటూ ఆదా. 6800 ఎక్స్.టి.లో ఈ పెట్టె 128 మెగాబైట్లు. 3080లో ఎల్2 క్యాష్ 5 మెగాబైట్లే. తరవాత ఎన్విడియావారూ ఈ దారికే వచ్చారు. 2023 నాటి 4070 టి.ఐ.లో దారిని 192 బిట్లకు కుదించి, క్యాష్‌ను 48 మెగాబైట్లకు పెంచారు.

అయితే పెళ్ళివంటకు పోపులపెట్టె ఏం చాలుతుంది? 4కె తెరమీద సుమారు 83 లక్షల చుక్కలు. అక్కడ కొట్టుగదికి తిరగక తప్పదు, వెడల్పు దారిగల 3080 కాస్త ముందుంటుంది.

"మన తెర ఎంతదిరా?" అని అడిగాను.

"1080 గీతలదే" అన్నాడు, గొంతు తగ్గించి.